ముల్లు ఆగే చోటు

ఆదివారం, నవంబర్ 2

నిర్ణయం తీసేసుకున్నాను. ఈ రోజు నుంచి రికార్డులు బంద్. పాటలు ఇక ఫోనులోనే. రేపు మాట మార్చకుండా కింద సంతకం కూడా పెడుతున్నాను: వగ్దీ.

కారణం చేపలు. మా ఆవిడ ఇన్సాఫ్ కుట్టిన పెళ్ళి గౌను నిన్న తిరిగొచ్చింది. పెళ్ళికూతురు అద్దం ముందు మురిసిపోతుంటే కాబోయే అత్తగారు దగ్గరికొచ్చి, ముక్కు ఎగబీల్చి, "ఎక్కడో చేపలు వేగుతున్నట్టున్నాయే" అందట. వంటింట్లో మిషను పెట్టుకుని కుడితే గులాబీల వాసన ఎలా వస్తుంది? అలెగ్జాండ్రియాలో చేపలు వేయించని వంటిల్లు ఉందా? ఉన్న ఒక్క గదినీ నా రికార్డులు కిటికీ దాకా ఆక్రమించుకున్నాయి.

ఇన్సాఫ్ తిట్టలేదు. నాకు భయం వేసింది అందుకే. గౌనుని బాల్కనీలో సముద్రపు గాలికి ఆరేసి, "ఇంకొక్కటి ఇలా తిరిగొస్తే మిషను అమ్మేస్తాను వగ్దీ. ఇంక నా వల్ల కాదు" అంది. మెడలో కొలత టేపు లేని ఇన్సాఫ్‌ని నేనెప్పుడూ చూడలేదు. చూడాలనీ లేదు. గది నీదే, నెలాఖరుకి ఖాళీ చేసేస్తానన్నాను. రేడియోలో వాతావరణం విన్నట్టు వింది.

సాయంత్రం బావ షుక్రీ వచ్చాడు. ఇన్సాఫ్‌కి అన్న. ప్రతి గురువారం మా ఇంటికి పాటలు వినడానికి వస్తాడు. భోజనానికైతే మిగతా రోజుల్లో కూడా వస్తాడు. నా ఫోనులో ఏవేవో నొక్కి, అరచేతిలో పట్టే స్పీకరు ఒకటి బల్ల మీద పెట్టాడు.

"ప్రపంచంలో పాటలన్నీ నీ జేబులో ఉన్నాయి బావా. లేవక్కర్లేదు, తుడవక్కర్లేదు, తిప్పి వెయ్యక్కర్లేదు."

ఎంత హాయిగా ఉందో! ఇన్నేళ్ళూ ఈ బరువు ఎందుకు మోశానో నాకే తెలీదు.

సోమవారం, నవంబర్ 3

ఫోను అద్భుతం. గడ్డం గీసుకుంటూ విన్నాను. ట్రాములో విన్నాను. ఆఫీసులో బీన్సు, రొట్టె తింటూ విన్నాను.

విన్న పాటలు: నలభై పైనే. చివరిదాకా విన్నవి: సున్నా. పాట మొదలవగానే, దీనికంటే మంచిది పక్కనే ఉందేమోనని వేలు దురద పెడుతోంది. తప్పు వేలిది. ఫోనుది కాదు.

గురువారం, నవంబర్ 6

ఫోనులో మొదటి గురువారం. గాయని బదరియా హిల్మీ కచేరీలో పాడిన పెద్ద పాట పెట్టాం. మా మామగారు ఉన్నప్పటి నుంచీ మా ఇంట్లో గురువారం అంటే ఆ పాటే.

రికార్డులో అయితే ఆ పాట ఒక పక్క సగం, రెండో పక్క సగం. మధ్యలో నేను లేచి తిప్పి వేస్తాను. ఆ సందులో ఇన్సాఫ్ టీ తెస్తుంది, షుక్రీ బాత్రూముకి వెళ్ళొస్తాడు, ముగ్గురం కలిసి పై అంతస్తు వాళ్ళని నాలుగు మాటలంటాం. ఫోనులో ఆ సందు లేదు. పాట తెగదు. పాట తెగకుండా లేవడం మా ఇంట్లో మర్యాద కాదు. టీ పొయ్యి మీదే ఇగిరి గిన్నె మాడింది. షుక్రీ కాళ్ళు పెనవేసుకుని, చెమటలు కక్కుతూ, కళ్ళనీళ్ళతో విన్నాడు. పాట ఎంత బాగా తాకిందో అనుకున్నాను. అయిపోగానే పరుగెత్తాడు.

అంతకు ముందే ఒకటి జరిగింది. పాట మంచి పట్టులో ఉండగా నెయ్యి ప్రకటన వచ్చింది. షుక్రీ కళ్ళు మూసుకుని, అలవాటు కొద్దీ టోపీ ఎగరేసి, "ఆహా, మళ్ళీ!" అన్నాడు. నెయ్యికి.

కానీ అసలు దెబ్బ అది కాదు. ఆ పాటలో "కూర్చో, ఇంకాసేపు" అన్న చోటు ఉంది. మా రికార్డులో బదరియా అక్కడ ఆగిపోయి, అదే మాట మళ్ళీ మళ్ళీ అంటుంది. జనం అడిగితే గాయని మళ్ళీ పాడడం మా వైపు రివాజే కదా. షుక్రీ "మళ్ళీ!" అంటాడు, ఆవిడ మళ్ళీ అంటుంది. ఒక్కో గురువారం నాలుగుసార్లు, ఒక్కోసారి తొమ్మిది. మా ఆహాలను బట్టి ఆవిడకి ఉత్సాహం వస్తుందనుకునేవాళ్ళం.

ఫోనులో ఒక్కసారి అంది. ట్రాము తప్పిపోతుందన్నట్టు వెళ్ళిపోయింది.

ముగ్గురం మొహాలు చూసుకున్నాం. "ఇది వేరే కచేరీ అయ్యుంటుంది" అన్నాడు షుక్రీ. ఫోనంతా వెతికాం. ఎక్కడ చూసినా ఒక్కసారే.

ఆవిడ మళ్ళీ పాడడం కాదు. మా రికార్డు మీద గీత పడి, ముల్లు అక్కడే చిక్కుకుంటోంది! ఇన్నేళ్ళూ ఒక గీతకి తలలూపాం.

నిద్ర పట్టక ఇది కూడా రాస్తున్నాను. నేను ఇన్సాఫ్‌ని చూడడానికి వాళ్ళింటికి వెళ్ళిన రోజు ఇదే రికార్డు తిరుగుతోంది. పిల్ల ఎంతకీ రాలేదు, సిగ్గేసి లేచాను. "కూర్చో, ఇంకాసేపు" అంది బదరియా. మళ్ళీ అంది, మళ్ళీ అంది. మామగారు కళ్ళు తెరవకుండానే, "ఆవిడే అంటోంది కదా, కూర్చో నాయనా" అన్నారు. కూర్చున్నాను. ఇన్సాఫ్ టీ తెచ్చింది. ఆవిడ ఒక్కసారే అని ఊరుకుని ఉంటే నేను అప్పటికే వీధిలో ఉండేవాణ్ణి.

శనివారం, నవంబర్ 8

రికార్డులు దులిపాను. దులపడం వినడం కాదు.

అట్టల మీద బొమ్మలు చూశాను. చూడడమూ వినడం కాదు.

స్పీకరు తీగ పీకేసి ఒక రికార్డు తిప్పాను. ముల్లు కిందే పాట దోమలా సన్నగా దానంతటదే పాడుతుంది. చెవి ఆనించాలి. అది లెక్కలోకి రాదని నా అభిప్రాయం.

ఇన్సాఫ్ గుమ్మంలో నిలబడింది. "ఏం చేస్తున్నావయ్యా?"

"మోటారు చూస్తున్నా. అమ్మేటప్పుడు అడుగుతారుగా."

"మోటారుకి ఆహా అంటున్నావేంటి?"

మంగళవారం, నవంబర్ 11

పౌరుషం వచ్చింది. అన్నీ కట్టకట్టి అత్తారీన్ బజారులో బరకాత్ కొట్టుకి చేర్చేశాను. బరకాత్ పాత రికార్డులు అమ్ముతాడు. కొట్లో మాత్రం ఫోనులో పాటలు పెట్టుకుంటాడు. "రికార్డులు అరిగిపోతాయి కదండీ వగ్దీ గారూ" అంటాడు.

బదరియా రికార్డు కూడా ఇచ్చేశాను. మామగారు పెళ్ళికి కానుకగా ఇచ్చిందే. ఇన్నేళ్ళు నన్ను వెర్రివాణ్ణి చేసిందిగా, పోనీ.

గదిలో మిషను పెట్టాం. ఇన్సాఫ్ కిటికీ తెరిచి, తెల్ల గుడ్డ పరిచి, మధ్యలో నిలబడి చుట్టూ చూసుకుంది. ఆమె మొహం చూస్తే నాకు సంతోషం వేసింది. నిజంగానే వేసింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి ఖాళీ మూలని చూస్తూ కూర్చున్నాను.

గురువారం, నవంబర్ 13

ఫోను పెట్టాం. షుక్రీ కూర తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, టోపీ పెట్టుకున్నాడు. "వస్తా బావా. ఈ పాట నాకూ ఉందిగా జేబులో, దారిలో వింటాలే."

వెళ్ళిపోయాడు! మా ఇంట్లో గురువారం ఇంత తొందరగా దీపం ఆరడం ఇదే మొదటిసారి.

"నాన్న రికార్డేదీ?" అంది ఇన్సాఫ్.

"అన్నిటితో పాటు..."

దారం పళ్ళతో తెంపింది. "నేను గది ఇమ్మన్నాను. ఆయన్ని ఇచ్చెయ్యమన్నానా?"

తెల్లారగానే బరకాత్ దగ్గరికి పరుగెత్తేవాణ్ణే. రేపు శుక్రవారం, బజారుకి సెలవు.

శనివారం, నవంబర్ 15

బరకాత్ షట్టరు ఎత్తక ముందే వెళ్ళాను. రికార్డు ఉంది. కాళ్ళ మీద పడబోయాను.

"అద్దంలా కడిగానండీ" అన్నాడు గర్వంగా. "మధ్యలో ఏదో నల్లగా గడ్డకట్టి ఉంది. ఊడడానికి చచ్చాననుకోండి."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఇంటికొచ్చి వేశాం. బదరియా ఒక్కసారి అంది, వెళ్ళిపోయింది. అచ్చం ఫోనులాగే.

గమనిక: రికార్డు ఒంటరిగా రావడానికి ఒప్పుకోలేదు. ఇంకో పదకొండు తోడొచ్చాయి. ఎక్కడ పెట్టను? వంటింట్లో మిషను ఖాళీ చేసిన మూలలో పెట్టాను. అది గది కాదు కాబట్టి మాట తప్పినట్టు కాదు.

ఆదివారం, నవంబర్ 16

ఇన్సాఫ్ నిజం చెప్పింది. అది గీత కాదు, అంజీరు జామ్.

పెళ్ళికి ముందు రికార్డులు తుడుస్తూ జామ్ నాకుతుంటే బొట్టు పడిందట. నాన్న తిడతాడని నోరు విప్పలేదట.

"మరి పెళ్ళయ్యాకైనా తుడవొచ్చుగా? గుమ్మం గొళ్ళెం కూడా రోజూ తుడుస్తావు నువ్వు."

"నువ్వు కూర్చుంది దాని వల్లే కదయ్యా" అంది, నా వైపు చూడకుండా.

తనకి తెలుసు. ప్రతి గురువారం మేం ఆహా అంటుంటే తనకి తెలుసు! నాకు కోపం రావాలి. రాలేదు. జామ్ సీసా ఎక్కడుందని అడిగాను.

సోమవారం, నవంబర్ 17

జామ్ సీసా తీశాం. పుల్లతో ఒక బొట్టు పెట్టాం. ముల్లు జారి, బదరియా పాట చివరికి వెళ్ళి ఒకేసారి దణ్ణం పెట్టేసింది.

చిన్న బొట్టు పెట్టాం. "కూ, కూ, కూ" అంటూ కోకిలయింది.

ఆరితే సరిపోతుందని రాత్రంతా వదిలేశాం.

మంగళవారం, నవంబర్ 18

చీమలు.

గురువారం, నవంబర్ 20

రికార్డు కడిగేశాను. ప్లేయరుని ఇన్సాఫ్ గదిలో బల్ల చివర పెట్టాం, తన అనుమతితో, ఈ ఒక్క రోజుకి. కిటికీ దగ్గర కొత్త గౌను వేలాడుతోంది.

మొదటి పక్క అయింది. లేచి తిప్పి వేశాను. టీ వచ్చింది. షుక్రీ బాత్రూముకి వెళ్ళొచ్చి, "ఇలా బతకాలి బావా" అన్నాడు. అయినా టీ తాగగానే టోపీ పెట్టుకున్నాడు. కొత్త అలవాటు. ఒక కాలికి బూటు కూడా తొడిగాడు.

"కూర్చో, ఇంకాసేపు" అంది బదరియా. ముల్లు ముందుకి వెళ్ళిపోయింది.

ఇన్సాఫ్ మిషను ఆపి లేచింది. సూది గుచ్చుకోకుండా వేలికి తొడిగిన అంగుస్తానా తీయకుండానే ముల్లు ఎత్తి, కొంచెం వెనక్కి పెట్టింది.

"కూర్చో, ఇంకాసేపు."

మళ్ళీ ఎత్తింది, మళ్ళీ పెట్టింది. షుక్రీ గుమ్మంలో ఆగాడు. ఇంకోసారి పెట్టింది. షుక్రీ బూటు విప్పేశాడు. "ఆవిడే అంటోంది కదా" అన్నాడు, అచ్చం వాళ్ళ నాన్న గొంతుతో, వచ్చి కూర్చున్నాడు.

ఎన్నిసార్లు పెట్టిందో నేను లెక్కపెట్టలేదు. ఇన్సాఫ్ రికార్డు వైపు చూడకుండానే పెడుతోంది. వాళ్ళింట్లో ఆ మొదటి రోజు టీ పళ్ళెం పట్టుకుని చూసినట్టే, నా వైపు చూస్తోంది.

సోమవారం, నవంబర్ 24

పెళ్ళికూతురు గౌను తీసుకెళ్ళింది. ఆ కాబోయే అత్తగారు చంకల దాకా వాసన చూసింది. కొత్త గుడ్డ వాసన తప్ప ఏమీ లేదు. ఇంకో రెండు గౌన్లు చెప్పి వెళ్ళారు.

వంటింట్లోకి రికార్డులు ఇంకొన్ని వచ్చాయి. నేను తేలేదు, బజారుకి వెళితే వెంటపడ్డాయి. ఇన్సాఫ్ చూసి, "గౌనుకి చేపల వాసన వస్తే తిరిగొస్తుంది. బదరియాకి వస్తే ఆవిడేమీ అనదులే" అంది. తిరిగి ఇచ్చేద్దామని నిజాయితీగా ఒకటి తీసుకెళితే, బరకాత్ అట్ట వాసన చూసి వెనక్కి నెట్టాడు. ఇంక నేనేం చెయ్యను?

అయినా మాట మాటే. రేపట్నుంచి కొత్త రికార్డు ఒక్కటీ కొనను. గురువారం తప్ప వినను. మిగతా రోజులు ఫోనే. సంతకం: వగ్

రికార్డు ఒక పక్క అయిపోయింది. తిప్పి వేసి వచ్చి పూర్తి చేస్తాను.