రాయకోట ఎత్తులో ఆగిన నీ జీపు

నాయనా మునీ,

నువ్వు పోయి ఏడాదైంది. నీ పాత జీపు అమ్మేస్తానని మీ నాయన పట్టుబట్టాడు. ఎండలు ముదిరాయంటే అది మధ్యాహ్నం పూట రాయకోట ఎత్తు ఎక్కుతూ ఆగిపోతుంది. దిష్టి తగిలిందని ఆయన నమ్మకం. నిమ్మకాయలు తిప్పి, కర్పూరం వెలిగించేలోపు ఇంజను చల్లారి బండి కదులుతుంది. అంతా నిమ్మకాయ మహిమే అంటాడు.

ఈ రోజు టమాటాలు వేసుకుని మార్కెట్టుకు వెళ్తుంటే మళ్లీ అక్కడే ఆగింది.

"రేపే అమ్మేస్తా. నిమ్మకాయలు ఇట్ల తే," అన్నాడు మీ నాయన.

"దిష్టీ లేదు, గిష్టీ లేదు. వేడికి పెట్రోలు పైపులోనే ఆవిరైపోయింది. నీ తుండుగుడ్డ ఈడ ఇయ్యప్పా."

"నీకేం తెలుసే?"

"నా కొడుకు పంపుకి తడిగుడ్డ కడతావుంటే నీళ్లు పోసింది ఎవురనుకున్నావు?"

గుడ్డ తడిపి పెట్రోలు పంపు మీద కప్పాను. నువ్వు వేసే ముడి నాకు రాదు. కాసేపు నీళ్లు పోస్తూ నిలబడ్డాను. నిమ్మకాయ ముట్టకుండానే బండి స్టార్టయింది.

మార్కెట్లో సరుకు దింపాక, "బండి అమ్మను లే," అన్నాడు మీ నాయన. తిరిగి బయలుదేరే ముందు తనే గుడ్డ తడిపి పంపుకి కట్టాడు. నువ్వు వేసే ఆ రెండు మెలికల ముడే, నాయనా. ఆయనా నిన్ను చూస్తూనే ఉండేవాడు.

మీ అమ్మ