ఒక్క గీత వాల్యూమ్

నవంబర్ 7, శుక్రవారం

ఓదెలన్న సోలో ఆల్బమ్ పొద్దున ఏడింటికి రిలీజైంది. మా గ్రూపులో మొదటి రివ్యూ ఆరున్నరకే వచ్చింది. మాస్టర్‌పీస్ అట, ఐదుకి ఐదట. రాసినవాడికి బోలెడు లైకులు. అందులో ఒకటి నాది.

ఇదీ మా జనం. 'ఓదెలన్న సైన్యం' అని పేరు పెట్టుకున్న వాట్సాప్ గ్రూపు. నేనూ పరమేషూ అడ్మిన్లం. పరమేష్‌కి అత్వెల్లి దగ్గర హైవే మీద ఫ్లెక్సీలు ప్రింట్ చేసే షాపుంది. ఆల్బమ్ కోసం పెద్ద ఫ్లెక్సీ కొట్టి షాపు ముందే కట్టాడు. అందులో ఓదెలన్నకి ముప్పై ఏళ్ళు, భుజాల దాకా జుట్టు. అసలు మనిషికి అరవై దాటాయి, నెత్తిన వెంట్రుక లేదు. ఇప్పటి ఫొటో పెట్టరాదా అంటే ఫ్యాన్స్ ఫీలవుతారన్నాడు. ఫ్లెక్సీకి పాలు కూడా పోశాడు. రాక్ సింగర్‌కి పాలాభిషేకం. ఈ ఊళ్ళో ఎవడు దొరికినా సినిమా హీరోని చేసిందాకా వీళ్ళకి నిద్ర పట్టదు.

అదే రోజు, సాయంత్రం

కంపెనీ క్యాబ్‌లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మొదటి పాట ఆన్ చేశాను. ఒక నిమిషం విన్నాను. ఓదెలన్న గొంతు గీరుకుపోయింది. అందాల్సిన చోట అందక పక్కకి జారుకుంటోంది. ఆపేశాను.

గ్రూపులో 'గూస్‌బంప్స్' అని పెట్టాను.

నవంబర్ 9, ఆదివారం

ఒక మ్యూజిక్ వెబ్‌సైట్ ఓదెలన్న ఆల్బమ్ 'డ్యూటీ దిగినంక'కి రెండు స్టార్లిచ్చింది. పొద్దున్నుంచీ గ్రూపు తగలబడుతోంది.

డబ్బులు తీసుకుని రాశారని ఒకడు. ఎవరిస్తారురా, ఓదెలన్నకి పోటీ ఎవరున్నారు? ఇప్పటి పిల్లలకి రాక్ అంటే ఏం తెలుసని ఇంకొకడు. వాడి కాలర్ ట్యూన్ ఇప్పటికీ అయ్యప్ప పాటే. మిక్సింగ్ అర్థం కావాలంటే లక్ష రూపాయల స్పీకర్లు ఉండాలని కొంపల్లి మేధావి ఒకాయన లెక్చరిచ్చాడు. ఆయన ఫోన్ స్క్రీన్ పగిలి ఏడాదైంది. మధ్యాహ్నానికి మూడు వర్గాలయ్యారు. రివ్యూ రాసినవాణ్ణి తిట్టేవాళ్ళు, సరిగ్గా తిట్టట్లేదని వీళ్ళని తిట్టేవాళ్ళు, గుడ్ ఆఫ్టర్‌నూన్ పువ్వులు పెట్టేవాళ్ళు. ఏ పాట గురించి గొడవో ఒక్కడూ అడగలేదు. రివ్యూ నేనూ చదవలేదు. స్టార్లు చూశాను, చాలదా?

ఓదెలన్న మాత్రం ఒక యూట్యూబ్ ఇంటర్వ్యూలో నెమ్మదిగానే మాట్లాడాడు. స్టార్లతో తనకి పని లేదన్నాడు. ముప్పైన శామీర్‌పేటలో పాడతాడట. ఈ పాటలు జనంలోకి పోయాయనిపిస్తే ఇంకో ఆల్బమ్ చేస్తాడట. పోలేదనిపిస్తే గిటార్ పక్కన పెట్టేస్తాడట. నవ్వుతూనే అన్నాడు. ఆయన నవ్వుతూ అన్నవన్నీ చేశాడు, అది నాకు తెలుసు. తన పాత బ్యాండ్ సైరన్‌ని మూసేసినప్పుడూ ఇట్లాగే నవ్వాడు.

మా నాయిన పనిచేసే ఫ్యాక్టరీకి తాళం పడ్డ సంవత్సరం గాజులరామారంలో, వినాయక మండపం స్టేజీ మీద, ఓదెలన్న 'గేటు తెరువ్' పాడాడు. మా నాయిన బనీను మీదే స్టేజీ ముందుకు పోయి ఎగిరాడు. ఆ సంవత్సరం మా ఇంట్లో ఎవరైనా నవ్విన రోజు అదొక్కటే. ఓదెలన్న పాడటం మానేస్తే నాకు భయం. ఎందుకో రాయలేను, భయం అంతే.

నవంబర్ 10, సోమవారం

పరమేష్ ప్లాన్ చెప్పాడు. రివ్యూకి జవాబు నంబర్లేనట. అందరూ ఫోన్లో ఆల్బమ్ పెట్టి వదిలేయాలట. మొత్తం ఎందుకు, ఐదో పాట అన్నిటికంటే చిన్నది, దాన్నే లూప్‌లో పెడితే లెక్క జల్దీ పెరుగుతుందట. ఎవరో మ్యూట్‌లో పెట్టొచ్చా అని అడిగితే వాయిస్ మెసేజ్ పెట్టాడు.

"పూర్తిగా బంద్ జెయ్యకుండ్రి, లెక్కకు రాదట. ఒక్క గీత సౌండ్ పెట్టుండ్రి. డ్యూటీల ఉన్నా నడుస్తది."

నడుస్తుంది. తుర్కపల్లిలో మా కంపెనీ ల్యాబ్‌లోకి ఫోన్ తీసుకుపోనివ్వరు. గేటు దగ్గర స్టీలు లాకర్లో పెట్టి పోవాలి. ఇవాళ షిఫ్టంతా ఓదెలన్న నా లాకర్లో, టిఫిన్ డబ్బా పక్కన, ఒక్క గీత గొంతుతో పాడాడు. నాలాంటివాళ్ళు ఈ రోడ్డు పొడవునా ఎంతమందో. ఐదు వందల మంది అంటున్నాడు పరమేష్. అంటే రెండు వందలు.

నవంబర్ 13, గురువారం

క్యాబ్‌లో ఫోన్లో పరమేష్‌తో మాట్లాడుతూ ఆ రివ్యూ రాసినవాణ్ణి నాలుగు మాటలన్నాను. వాడికి చెవులున్నాయా అన్నాను. ఫోన్ పెట్టేశాక ముందు సీట్లోంచి అశ్రిత వెనక్కి తిరిగి, అది రాసింది నేనే సార్ అంది.

అశ్రిత మా పక్క సెక్షన్‌లో కొత్తగా చేరింది. తలవంచుకుని వస్తుంది, తలవంచుకుని పోతుంది. ఇంత ధైర్యం ఉందనుకోలేదు. కోపం కూడా లేదు ముఖంలో. ఏ పాట గురించి తప్పు రాశానో చెప్పండి, దిద్దుకుంటాను అంది.

మొత్తం తప్పే అన్నాను.

ఐదో పాట గురించి రాసింది కూడానా అని అడిగింది. అది కూడా అన్నాను. ఆ పిల్ల కాసేపు నా ముఖం చూసి ముందుకి తిరిగింది. డ్రైవర్ అద్దంలో నన్నే చూస్తున్నాడు. వీడికెందుకు?

నవంబర్ 14, శుక్రవారం

అశ్రిత పేరు గ్రూపులో చెప్పలేదు. నా మంచితనం కాదు, రోజూ అదే క్యాబ్‌లో పోవాలి.

నవంబర్ 20, గురువారం

ఐదో పాట నాలుగు లక్షలు దాటింది. మిగతా ఏడు పాటలూ కలిపినా ఇరవై వేలు లేవు. ఈ తేడా చూసి ఎవరికైనా అనుమానం రావాలి. మావాళ్ళకి కేకు తేవాలనిపించింది. మేడ్చల్ చౌరస్తాలో కట్ చేశారు. నేనూ తిన్నాను. క్రీము పుల్లగా ఉంది.

ఓదెలన్న గ్రూపుకి వాయిస్ మెసేజ్ పంపించాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి. ఐదో పాట 'పక్క సీటు' సైరన్‌లో డ్రమ్స్ వాయించిన అంజయ్య కోసం రాశాడట. అంజయ్య కరోనా టైములో పోయాడు. ఇద్దరూ ఒకప్పుడు జీడిమెట్ల కంపెనీ బస్సులో పక్కపక్కన కూర్చునేవాళ్ళట. ఆ పాటని జనం ఇంతగా పట్టుకుంటారనుకోలేదట. మాట్లాడుతూ మధ్యలో ఆగాడు, దగ్గాడు. శామీర్‌పేటలో అదే మొదటి పాట అన్నాడు.

గ్రూపంతా లవ్ ఎమోజీలు. ఆయనెందుకు ఆగాడో ఎవరికీ పట్టలేదు. నాకు పట్టింది. అయినా లవ్ ఎమోజీ పెట్టి ఫోన్ లాకర్లో వేసి డ్యూటీకి పోయాను. లూప్ నడుస్తూనే ఉంది.

నవంబర్ 26, బుధవారం

పాటలెట్లున్నాయని మా ఆవిడ లత అడిగింది. బాగున్నాయన్నాను. ఏ పాట బాగుందంది. ఈమెకి అన్నీ కావాలి.

నవంబర్ 30, ఆదివారం

శామీర్‌పేటలో ఫంక్షన్ హాల్ లాన్. మూడు వందల మంది దాకా వచ్చారు. సగం మంది నల్ల టీషర్టులు, వాటి మీద అదే ముప్పై ఏళ్ళ ముఖం. గేటు దగ్గరే సెల్ఫీలు. పరమేష్ బిర్యానీ పెట్టించాడు, వాసన స్టేజీ దాకా వస్తోంది. వెనక వరసలో అశ్రిత కనిపించింది. టికెట్ కొనుక్కుని వచ్చిందట. ఈమెకేం పని ఇక్కడ అనుకున్నాను.

ఓదెలన్న ఒక్కడే వచ్చాడు. బ్యాండ్ లేదు. మోకాలు బాగాలేదు, కుర్చీ వేయించుకున్నాడు. ఒళ్ళో గిటార్. మైకు సరిచేసుకుని మా అందరి వైపూ చూశాడు. అంత సంతోషంగా ఆయన్ని ఎప్పుడూ చూడలేదు.

"గీ పాట మీకు నేర్పియ్యాల్సిన పని లేదు. లచ్చల సార్లు విన్నరు. నా గొంతు పైకి పోతలేదు, ఎందుకు దాసుడు? నేనడుగుత, మీరు చెప్పుండ్రి."

మొదలుపెట్టాడు. గొంతు తక్కువలోనే ఉంది, మాట్లాడినట్టుగా. బస్సు, వాన, అద్దం మీద ఆవిరి. తర్వాత గిటార్ ఆపి, "పక్క సీటు కాలీ ఉన్నదా?" అని పాడి, మైకు మా వైపు చాపాడు.

ఎవరికీ రాదు.

మూడు వందల మందిలో ఒక్కడికీ రాదు. నాలుగు లక్షల సార్లు నడిపించిన పాట. ఎవడో విజిలేశాడు. ఓదెలన్న నవ్వి, మైకు పని చేయట్లేదేమో అన్నట్టు దాన్ని తట్టి మళ్ళీ అడిగాడు. పక్క సీటు కాలీ ఉన్నదా. నేను ముందు వరసలో ఉన్నాను. ఆయన చూపు నా మీద పడింది. నోరు తెరిచాను, ఏమనాలో తెలియదు. తల ఊపాను, గంగిరెద్దులాగా.

మూడోసారి అడిగినప్పుడు పాడలేదు. ఊరికే అడిగాడు.

అప్పుడు పరమేష్ వెనక నుంచి 'గేటు తెరువ్' అని అరిచాడు. ఇక లాన్ మొత్తం అదే అరుపు. గేటు తెరువ్, గేటు తెరువ్. మాటలన్నీ వచ్చు వీళ్ళకి, అక్షరం పోకుండా వచ్చు. వాళ్ళే పాడేస్తున్నారు, గంతులేస్తున్నారు. ఓదెలన్న గిటార్ మీద చెయ్యి పెట్టుకుని పాట అయిందాకా విన్నాడు. అయ్యాక మైకు దగ్గరికి తీసుకున్నాడు.

"మంచిది బిడ్డా. తిని పోండ్రి."

అంతే. ఎవరో చెయ్యి పట్టుకుంటే లేచి మెల్లగా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మావాళ్ళు తిన్నారు. రైతా సరిపోలేదని వంటవాళ్ళతో గొడవ కూడా పెట్టుకున్నారు.

డిసెంబర్ 1, సోమవారం

గ్రూపులో పరమేష్ పోస్ట్: అభిమానుల ప్రేమ చూసి ఓదెలన్నకి మాట రాలేదు, పిన్‌డ్రాప్ సైలెన్స్, హిస్టారిక్ నైట్. రెండు వందల లైకులు. నిన్న వాళ్ళు ఎక్కడున్నారో, నేనెక్కడున్నానో.

క్యాబ్‌లో అశ్రిత పక్కన సీటు ఖాళీగా ఉంటే కూర్చున్నాను. నీకు ఆ పాట వచ్చా అని అడిగాను. వచ్చంది. మరి నిన్న ఎందుకు పాడలేదన్నాను. కొట్లాడటానికే అడిగాను, నిజం చెప్పాలంటే. ఎవరో ఒకరి మీద వేయాలి కదా.

ఆమె కిటికీలోంచి చూస్తూ చెప్పింది. "'జర జరుగుత, రా కూసో' అనాలె సార్, గంతే. గదొక్కటి మంచిగున్నదని రాయనీకి మస్తుసార్లు విన్న. కని రెండు స్టార్లిచ్చిన నోటితోని నేనెట్ల పాడుత? మీరు గంతమంది ఉన్నరు గద. మీరు పాడుతరనుకున్న."

తుర్కపల్లిలో దిగాం. గేటు దగ్గర ఫోన్ లాకర్లో పెడుతూ చూస్తే లూప్ ఇంకా నడుస్తోంది. ఆపేశాను.

డిసెంబర్ 2, మంగళవారం

ఓదెలన్న పేజీలో రెండే మాటలు. "ఇగ సాలు."

మా సైన్యం కింద హార్ట్‌లు పెడుతోంది. తర్వాతి ఆల్బమ్ ఎప్పుడన్నా అని అడుగుతోంది. గ్రూపులోంచి బయటికొచ్చేశాను. పరమేష్ ఫోన్ చేశాడు, ఎత్తలేదు.

డిసెంబర్ 4, గురువారం

సెలవు పెట్టాను. ఎనిమిది పాటలూ విన్నాను. రెండు స్టార్లు ఎక్కువే.

మళ్ళీ పెట్టాను.