మంట ఎక్కడ పెట్టాలి

ఫిబ్రవరి 6

ప్రియమైన అన్నయ్యకు,

నమస్కారాలు. దేవుడి దయవల్ల ఇక్కడ అందరం క్షేమం. నువ్వూ వదినా క్షేమమని తలుస్తాను. ఫోన్ చేస్తే మూడుసార్లు "ఊఁ" అని నాలుగోసారి పెట్టేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. దీన్ని మధ్యలో పెట్టేయలేవు కదా.

ఒక సంగతి నెలరోజులుగా నీ దగ్గర దాచాను. నేను పద్నాలుగేళ్ళు పూసలు కుట్టిన దర్జీ కొట్టు మూసేశారని చెప్పాను గదా. ఇంట్లో ఊరికే కూర్చోలేక నగల తయారీ క్లాసులో చేరాను. ఐదు నెలల కోర్సు. పన్నెండు మందిమి. నా తర్వాత పెద్దావిడకి ఇరవై తొమ్మిది. మొదటిరోజు మాస్టారు నన్ను చూసి, "పాపను చేర్పించడానికి వచ్చారా?" అని అడిగారు. "పాపను నేనేనండీ" అన్నాను. అప్పటినుంచీ క్లాసంతా నన్ను పెద్దమ్మా అని పిలుస్తోంది.

రంపంతో రేకు కోయడం వచ్చింది. ఆకురాయితో నునుపు చేయడం బాగా వచ్చింది, పూసలు కుట్టిన చేతులు గదా, ఓపిక ఉంది. అతుకు దగ్గరే, అంటే చిన్న లోహపు ముక్కను కరిగించి రెండు అంచులు కలపడం దగ్గరే, ఆగిపోయాను. గ్యాస్ టార్చి వెలిగిస్తే చాలు, భయమేసి వెనక్కి జరుగుతాను. కోర్సు చివరి రెండు నెలల్లో పరీక్ష ఉంటుంది. వెండి ఉంగరం చేసి, దాని మీద రాయి కూర్చునే చిన్న గిన్నెను అతకాలి. రెండు అవకాశాలు ఇస్తారు. నెగ్గితే పక్కనున్న వర్క్‌షాపులో సొంతంగా ఒక బల్ల ఇచ్చి పనిలో పెట్టుకుంటారు. లేకపోతే ఇంటికి.

ఆ బల్ల నాకు కావాలి అన్నయ్యా. రోజూ ప్రార్థనలో అడుగుతున్నాను. ఇన్నేళ్ళలో నాకోసమని దేవుణ్ణి ఏదీ అడగలేదు, ఆయన ఏమనుకుంటాడోనని.

నాన్న కంసాలి పని చేసినా నన్ను కుంపటి దగ్గరికి రానివ్వలేదు. నువ్వు నలభై ఏళ్ళుగా ఆ పనిలోనే ఉన్నావు. మంట ఎక్కడ పెట్టాలో, ఎప్పుడు తీయాలో కాస్త చెప్పు. మీ బావనడిగితే, "గ్యాస్ అయిపోయిన రోజు నీ టార్చి ఇంటికి పట్టుకురా, పనికొస్తుంది" అంటున్నారు.

వదినకి నా నమస్కారాలు.

నీ చెల్లెలు


ఫిబ్రవరి 17

పిచ్చుకకి,

ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. ఈ వయసులో నీకెందుకమ్మా ఈ వేషాలు? కళ్ళజోడు పెట్టుకుని సూదిలో దారం ఎక్కించేదానివి, నీకు మంటతో పనేమిటి? నిప్పు మగవాడి మాటే వింటుందని నాన్న ఊరికే అనేవాడా?

అయినా అడిగావు కాబట్టి చెబుతున్నాను. అతుకు ముక్క కాస్త పెద్దదే పెట్టు. మంట సూటిగా అతుకు మీదే ఉంచు. కరిగేదాకా తీయకు. అంతే, ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. రాకపోతే మానెయ్యి. ఎవరూ ఏమీ అనుకోరు.

కొట్లో పని ఎక్కువగా ఉంది. మీ వదిన అడిగినట్టు చెప్పమంది. నీ ఉత్తరం రెండుసార్లు చదివింది, ఏముందో అందులో.

అన్నయ్య


మార్చి 2

ప్రియమైన అన్నయ్యకు,

నువ్వు చెప్పినట్టే చేశాను. పెద్ద ముక్క పెట్టాను. మంట సూటిగా అతుకు మీద పెట్టాను. కరిగేదాకా తీయలేదు. కరిగింది. అతుకు ముక్క కాదు, ఉంగరం.

మాస్టారు దాన్ని పట్టకారుతో పైకెత్తి, "పెద్దమ్మా, ఏమిటిది? చుక్క బొట్టా?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాననుకో. ఇంటికొచ్చాక మాత్రం నీ ఉత్తరం తీసి మళ్ళీ చదివాను.

నువ్వు మానెయ్యమని ఎందుకన్నావో అర్థం చేసుకున్నాను. కానీ మానను. ఈసారి ఒకటీ ఒకటీ విడివిడిగా అడుగుతాను, విడివిడిగా చెప్పు. లోహం శుభ్రంగా అతకడానికి వెలిగారం పూసి మంట పెడితే అది ఉబ్బిపోయి, అతుకు ముక్కను పక్కకు నెట్టేస్తోంది. ఏం చేయాలి? కరగబోతోందని కంటికి ఎలా తెలుస్తుంది? కరిగాక ఎంతసేపు ఉంచాలి?

నీకు తీరిక లేకపోతే వదిన చేతైనా రాయించు. నువ్వు చెబుతుంటే తను రాస్తుంది.

నీ చెల్లెలు


మార్చి 12

పిచ్చుకకి,

ఆశీస్సులు. కిందటి ఉత్తరంలో రాసింది మర్చిపో. ఇలా చెయ్యి.

రెండు అంచులూ కలిపి దీపానికి ఎదురుగా పట్టుకో. వెలుతురు కనిపిస్తే ఇంకా ఆకురాయి పట్టు. అతుకు లోహం సందును పూడ్చదు, కలిసున్నవాటినే కలుపుతుంది. ముక్క ఆవగింజంత చాలు.

వెలిగారం పూశాక ముందు మంటను దూరంగా పట్టుకుని ఆరనివ్వు. పాలు పొంగినట్టు ఉబ్బుతుంది. కంగారుపడి మంట తీసేయకు, పెంచకు. కాసేపటికి అణిగిపోతుంది. ముక్క పక్కకు జరిగితే అప్పుడు పుల్లతో మెల్లగా దాని చోటికి తోసెయ్యి. ఆ తర్వాత వెలిగారం కరిగి, తడి గాజులా మెరుస్తుంది. అప్పుడు అసలు పని మొదలు.

మంటను అతుకు మీద పెట్టకు. ఉంగరం చుట్టూ తిప్పుతూ ఉండు. పెద్ద గిన్నెలో నీళ్ళు కాగేటప్పుడు గిన్నె అంతా వేడెక్కుతుంది చూడు, అలా అంతా ఒకేలా వేడెక్కాలి. అప్పుడు ముక్క దానంతటదే వాలిపోయి, సందులో మెరుపుతీగలా పరుగెడుతుంది. ఆ మెరుపు చూసిన క్షణమే మంట తీసెయ్యి. ఇంకొక్క క్షణం ఉంచుదాం అనిపిస్తుంది. ఉంచకు.

జుట్టు బిగించి ముడి వేసుకో. చేతికి లోహపు గాజులుంటే తీసి పక్కన పెట్టు. అవి వేడెక్కిన సంగతి చర్మం కాలేదాకా తెలియదు, మచ్చ పోదు.

భయం వేస్తే ఊపిరి బిగబట్టకు. వదులుతూ ఉండు.

అన్నయ్య


ఏప్రిల్ 20

ప్రియమైన అన్నయ్యకు,

ఒక మంచీ ఒక చెడూ రాస్తున్నాను.

ముందు మంచి. నీ ఉత్తరం ఎదురుగా పెట్టుకుని చేశాను. ఆ మెరుపు చూశాను! నువ్వు రాసినట్టే తీగలా పరుగెత్తింది. వరసగా పదకొండు ఉంగరాలు అతికాను, ఒక్కటీ విడిపోలేదు. మాస్టారు నీ ఉత్తరం అడిగి తీసుకుని, పాలు పొంగడం దగ్గర్నుంచి మెరుపు దాకా బోర్డు మీద రాయించారు. పిల్లలందరూ నోట్సులో ఎక్కించుకున్నారు. "ఇరవై ఏళ్ళుగా నేర్పుతున్నాను, ఇంత తేటగా నేనెప్పుడూ చెప్పలేదు" అన్నారాయన.

ఇక చెడు. పరీక్షలో మొదటి అవకాశం పోయింది. ఉంగరం అతికింది గానీ, పైన గిన్నె అతకబోతే గిన్నె అంచు కరిగి కూలిపోయింది. ఉంగరం మందం, గిన్నె సన్నం. ఒకటి వేడెక్కేలోపు ఇంకొకటి పోతోంది. ఇంకొక్క అవకాశమే ఉంది. జూన్ ఒకటిన. ఈసారి చూడ్డానికి బయటినుంచి ఒక పెద్దాయన వస్తారట.

అన్నయ్యా, నువ్వొక్కసారి రావా? మాస్టారు కూడా పిలుస్తున్నారు. అతుకు పని మీద నీ చేత ఒకరోజు వర్క్‌షాపు పెట్టిస్తారట, ఆహ్వానం ఇందులోనే పెట్టాను. నువ్వు నా పక్కన ఒక్కపూట కూర్చుంటే చాలు, నాకు వచ్చేస్తుంది.

ఒకటి అడగనా? పొయ్యి మీద పాలు ఎటువైపు నుంచి పొంగుతాయో కూడా తెలియని మనిషివి నువ్వు. గాజుల సంగతి నీకెలా తెలిసింది? నవ్వుకున్నాను.

నీ చెల్లెలు


ఏప్రిల్ 28

పిచ్చుకకి,

నేను రాలేను. కొట్టు వదిలి వచ్చే వీలు లేదు. ఒంట్లోనూ బాగుండటం లేదు.

నీకు రాసింది నీకోసం రాశాను. బోర్డు మీద రాయించమని ఎవరు చెప్పారు? మీ మాస్టారికి నా తరఫున కుదరదని చెప్పెయ్యి. ఇక ఈ విషయం రాయకు.

అన్నయ్య


మే 4

ప్రియమైన అన్నయ్యకు,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు జవాబు రాయలేకపోయాను. కోపంతో కాదు. నీ మీద కోపం తెచ్చుకోవడం నాకు చేతకాదు, నీకు తెలుసు. నిన్ను అడక్కుండా ఉత్తరం చూపించడం తప్పే. మాస్టారికి కుదరదని చెప్పాను.

ఒంట్లో బాగుండటం లేదని ఒక్క ముక్క రాసి వదిలేశావు. ఏమైంది? ఫోన్ చేస్తే వదిన ఎత్తి, "ఆయన బాగానే ఉన్నారమ్మా" అంది. తర్వాత గొంతు తగ్గించి, "మందందీ సన్నదీ కలపడం గురించి..." అని మొదలుపెట్టి, "ఉండు, ఆయన వస్తున్నారు" అని పెట్టేసింది.

అన్నయ్యా, నేను ఎక్కువ చదువుకున్నదాన్ని కాను గానీ, ఇద్దరు మనుషుల మాటకీ తేడా తెలుస్తుంది. ఫిబ్రవరి ఉత్తరం నువ్వు రాశావు. మార్చి ఉత్తరం నీ చేతిరాతే. కానీ అందులో మాట్లాడింది ఎవరు?

చెప్పడం ఇష్టం లేకపోతే వద్దు. గిన్నె ఎలా అతకాలో ఒక్కటి చెప్పు. జూన్ ఒకటి తర్వాత నేను ఏదీ అడగను. నీ ఆరోగ్యం కోసం ప్రార్థన చేస్తున్నాను.

నీ చెల్లెలు


మే 25

పిచ్చుకకి,

ఆశీస్సులు. ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపాను. ఇది నాలుగోది.

పదకొండేళ్ళుగా నా కుడిచెయ్యి వణుకుతోంది. మొదట్లో పొద్దున పూట ఉండేది కాదు. ఇప్పుడు రోజంతా ఉంటుంది. చెయ్యి వణికేవాడు అతుకు పెట్టలేడు. ఎవరికైనా తెలిస్తే కొట్టు మూసుకోవడమే. అప్పుడు మీ వదిన నా బల్ల దగ్గర కూర్చుంది. తెర దించుకుని తను లోపల పని చేస్తుంది. నేను బయట కూర్చుని, వచ్చినవాళ్ళతో నేనే చేశానని చెబుతాను. అందరూ నా పనితనం ముసలితనంలో ఇంకా పదునెక్కిందంటారు. నేను తల ఊపుతాను.

మార్చి ఉత్తరంలో ప్రతి మాటా తనదే. నేను రాసిపెట్టాను. ఆ కాలిన మచ్చా తనదే. ఫిబ్రవరి ఉత్తరం నాది. అది తెలియక రాసింది కాదు, నువ్వు మానేయాలని రాశాను. నువ్వు నేర్చుకుంటే ఎప్పుడో ఒకరోజు ఈ గుట్టు పట్టేస్తావని భయం. నీ ఉంగరం కరిగించింది నేనే.

మీ మాస్టారి ఆహ్వానం వచ్చినప్పటినుంచీ ఇంట్లో అదే మాట నలుగుతోంది. చివరికి మీ వదిన ఒక్కటే అంది: "మీ మాట విని ఒక ఉంగరం పోగొట్టుకుంది. ఇంకోసారి నా మాట అందక పరీక్ష పోగొట్టుకుంటే నాకు అన్నం సయించదు. నేను వెళుతున్నాను." అడగలేదు, చెప్పింది. ముప్పై ఏళ్ళలో ఇదే మొదటిసారి.

ఇరవై ఎనిమిదిన సాయంత్రం బండికి వస్తుంది. నాలుగు రోజులు నీ దగ్గర ఉంటుంది. వర్క్‌షాపూ గిర్క్‌షాపూ వద్దు. చూడ్డానికి వచ్చిన బంధువు, అంతే.

ఒక్కటి మాత్రం నిన్ను బతిమాలుకుంటున్నాను. పరీక్షకి వచ్చే పెద్దాయన, పని బాగుంటే ఎవరి దగ్గర నేర్చుకున్నావని తప్పకుండా అడుగుతాడు. మన పనిలో అది తప్పనిసరి ప్రశ్న. మా అన్నయ్య దగ్గర అని చెప్పు. ఈ పనివాళ్ళలో ఒకరి మాట ఇంకొకరికి చేరడానికి ఒక్కపూట చాలు. నా పేరు నిలబెట్టు.

అన్నయ్య


జూన్ 3

ప్రియమైన అన్నయ్యకు,

పరీక్ష నెగ్గాను. ముందు ఆ మాట రాసేశాను, మిగతాది తీరిగ్గా చెబుతాను.

వదిన బండి దిగగానే, "మంచినీళ్ళు తర్వాత, ముందు నీ టార్చి చూపించు" అంది. మాస్టారు మా ఇద్దరికీ సాయంత్రాలు గది తాళం ఇచ్చారు. పిల్లలు చుట్టూ మూగి, "పెద్దమ్మా, ఈవిడ నీకంటే పెద్దావిడా?" అని అడిగారు. వదిన, "వయసులో ఏడాది చిన్నదాన్ని, వరసలో పెద్దదాన్ని. కాబట్టి నేను తిట్టొచ్చు, తను తిట్టకూడదు" అంది. నిజంగానే తిట్టింది. "గిన్నె కేసి ఎందుకు చూస్తావు, అదేమన్నా పారిపోతుందా? మంట కింద నుంచి ఉంగరానికి పెట్టు. మందమైనది వేడెక్కితే, సన్నదానికి కావలసినంత అదే ఇస్తుంది" అంది. ఎనిమిది గిన్నెలు కరిగించాను. తొమ్మిదోది నిలబడింది.

పరీక్ష రోజు వదిన చివర గోడ దగ్గర కుర్చీలో కూర్చుంది. నేను అతుకుతున్నంతసేపూ కళ్ళు మూసుకుని ఉందట, పిల్లలు తర్వాత చెప్పారు. పెద్దాయన భూతద్దం కంటికి పెట్టుకుని, ఉంగరం తిప్పి వెనకవైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నువ్వు చెప్పిన ప్రశ్నే అడిగాడు. "ఎవరి దగ్గర నేర్చుకున్నావమ్మా?"

అన్నయ్యా, నీ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. పొద్దున ప్రార్థనలో అదే చెబుతానని అనుకుని బయలుదేరాను. కానీ ఆ ఉంగరం ఇంకా వెచ్చగా ఉంది. దాన్ని చూస్తూ ఆ మాట అనలేకపోయాను. "మా వదిన దగ్గరండీ" అన్నాను.

 "వదినా?" అని పెద్దాయన తలెత్తి చూశాడు. పిల్లలందరూ వెనక్కి తిరిగారు. వదిన లేచి నిలబడింది. నన్ను కొట్టేటట్టు చూసింది.

ఆయన వదినను దగ్గరికి పిలిచాడు. చెయ్యి చాపమని, మణికట్టు మీద మచ్చ చూశాడు.  తన చొక్కా చెయ్యి మడిచి తన మచ్చలు చూపించాడు. అప్పుడు అడిగాడు. "నీకెవరు నేర్పారమ్మా?"

వదిన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మా ఆయనండీ" అంది. "ఆయన చెయ్యి వణికినప్పటినుంచీ నా పక్కన కూర్చుని చెబుతూ వచ్చారు. మొదటి ఏడాది రోజూ ఏదో ఒకటి పాడుచేసేదాన్ని. ఒక్కరోజు కూడా నా చేతిలోంచి మంట లాక్కోలేదు."

అది నాకు నువ్వు రాయలేదు. గుట్టంతా రాసి, ఆ ఒక్కటీ వదిలేశావు.

పెద్దాయన తన పుస్తకం తీసి రాసుకున్నాడు. పైన నీ పేరు, దాని కింద వదిన పేరు, దాని కింద నాది. మూడూ సరిగ్గా ఉన్నాయా అని నా చేత చదివించాడు.

నీ మాట దాటాను. కోపం వస్తే వదిన రాకముందే నా మీద కోప్పడు, తనకి తగలనివ్వకు. మాస్టారు బతిమాలి ఇంకో వారం రోజులు ఉంచేసుకున్నారు, పిల్లలకి చెప్పాలట. వచ్చే గురువారం పొద్దున బండికి వస్తుంది. సంచీ బరువుగా ఉంది, స్టేషనుకి నువ్వే వెళ్ళు.

సోమవారం నుంచి నా బల్ల కిటికీ పక్కన.

నీ చెల్లెలు