గుమ్మం దాటిన హాథార్న్ పూలు

డెర్వ్లా అక్కకు,

నీ తమ్ముడు, పట్టభద్రుడు, ఇంటి వార్తల ఏకైక విలేఖరి సవినయంగా రాయునది. మన పొలం కంచె పొడుగునా హాథార్న్ ముళ్లపొద తెల్లగా విరగబూసింది. మంచాన పడ్డ అమ్మ కిటికీలోంచి దాన్నే చూస్తూ, "ఒక్క కొమ్మ తెచ్చిపెట్టరా" అని నిన్న అడిగింది.

ఆ పూలు ఇంట్లోకొస్తే ఎవరో ఒకరు పోతారన్నది నాన్న శాసనం. చిన్నప్పుడు నీ జడలో ఒక్క రేకు కనబడిందని నిన్ను వానలో నిలబెట్టాడు, గుర్తుందిగా.

"పువ్వు వల్ల ఎవరూ చావరు నాన్నా, నేను చదువుకున్నవాణ్ణి" అన్నాను.

"నీ చదువు గొర్రెలకు చెప్పుకో. అది గుమ్మం దాటిందో, నీ కాళ్లు విరగ్గొడతా!"

పక్కింటి బ్రీజ్ పిన్ని, "ముందు ఆ గడ్డం గీసుకోరా ప్రొఫెసరూ, లోకాన్ని తర్వాత బాగుచేద్దువుగాని" అంది.

ఈ ఉదయం డాక్టర్ వచ్చాడు. నాన్న ఆయన్ను గేటుదాకా సాగనంపి, వస్తూ వస్తూ కంచె దగ్గర ఆగాడు. ముళ్లకు చేతులు చీరుకుపోతున్నా ఒడినిండా కొమ్మలు విరిచాడు. బురద బూట్లతోనే లోపలికొచ్చి, అమ్మ తలాపున పాలకూజాలో పెట్టాడు.

"ఇదిగో హనోరా, నీ పూలు."

అమ్మ నవ్వింది.

డాక్టర్ ఏమన్నాడో నేను నాన్నను అడగలేదు. నువ్వూ ఫోన్ చేసి అడక్కు. ఉత్తరం అందగానే బస్సెక్కు.

నీ తమ్ముడు