నేను నోరు మెదపని వారం

మార్చి 4, మంగళవారం

అల్లుడు బస్సు డ్యూటీకి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు. అత్తయ్యా, మీ భయాలన్నీ దాని ముందు పెట్టకండి, అసలే నెలలు నిండిన మనిషి అన్నాడు. నిన్న ఆస్పత్రి నుంచి వచ్చే దారి పొడుగునా నేను వాగినదానికి ఫలితం ఇది. సరే అన్నాను. నోట్లో మాట నోట్లోనే ఉంటే నాకు తిన్నది అరగదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అమ్మాయికి మొదటి కాన్పు ఆపరేషన్. కుట్లు చీము పట్టి, కన్నబిడ్డను ఎత్తుకునే ఓపిక కూడా లేక మంచాన పడింది. ఈసారి నార్మల్ కావాలంటుంది. డాక్టరమ్మ ప్రయత్నించొచ్చు అంది. కాకపోతే పాత కుట్టు లోపల విచ్చుకునే ప్రమాదం కొద్దిగా ఉంటుందట. ఆపరేషన్ కష్టాలు ఆపరేషన్‌వి. వచ్చే వారం స్కాన్‌కి వచ్చినప్పుడు మీ ఇష్టం చెప్పండి అంది. ఇష్టమట! ఇవేమైనా కూరగాయలా ఏరుకోవడానికి?

కొద్దిగా అంటే ఎంత?

మార్చి 5

దాని కాళ్లు వాచాయి. నేను ఏమీ అనలేదు.

మార్చి 6, మధ్యాహ్నం

ఇంకా కుట్టుమిషను ముందే కూర్చుంటుంది. ఎవరో కొత్త హోటల్ వాళ్ల కర్టెన్లు. పొట్ట అడ్డం వచ్చి, ఒంటిపక్కకు తిరిగి కుడుతుంది. లేచి నడుం వాల్చవే అనబోయి నాలుక కరుచుకున్నాను. అమ్మా, ఏంటలా చూస్తున్నావ్ అంది. ఏం లేదన్నాను. బాబోయ్, ఏం లేదు అనడానికి ఎంత కష్టమో. మూటెడు బట్టలు ఉతికినా ఇంత అలసట రాదు.

నార్మల్ అయితే ఆ కుట్టు భయం. ఆపరేషన్ అయితే చీము భయం. దేనికని దండం పెట్టుకోను?

మార్చి 8, శనివారం

అమ్మాయి సగం అన్నం వదిలేసి లేచింది. ఉప్పెక్కువైందా అని కూడా అడగలేదు నేను. అత్తయ్య మారిపోయారే అన్నాడు అల్లుడు, మెచ్చుకోలుగా. నవ్వాను. దవడలు నొప్పి.

మార్చి 9

మోకాళ్లు. రాసే ఓపిక లేదు.

మార్చి 10, సోమవారం, రాత్రి

రేపే స్కాన్. వంటింట్లో అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, ఆపరేషన్‌కే చెప్పేస్తానమ్మా అంది. ఎందుకే అంటే ఒకటే ఏడుపు. పాలు పొంగితేనే కొంప మునిగినట్టు కేకలు పెడతావు, వారం నుంచి నోరు మెదపలేదు, డాక్టరమ్మ నీకు చాటుగా ఏదో చెప్పింది, బిడ్డకేమైనా తేడానా, నా మీద ఒట్టు, నిజం చెప్పు అంది.

నేను మాట్లాడకపోతే ఇది జడుసుకుందా! ఓసి పిచ్చి మొహమా, నీ మొగుడు నోరు మూసుకోమంటే మూసుకున్నానే అన్నాను. ఇక ఆగలేదు. కుట్టు, చీము, వాచిన కాళ్లు, ఆ మిషను, ఆ వేళకి ఆస్పత్రిలో లిఫ్టు చెడిపోతే ఏం గతి, డాక్టరమ్మ సెలవులో ఉంటే ఎవరు దిక్కు, ఇంట్లో పెద్దపిల్లను ఎవరు చూస్తారు, అన్నీ కుమ్మరించాను. వినీ వినీ అది ఏడుపులోనే నవ్వింది. హమ్మయ్య, ఇంతేనా, ఇవన్నీ నేనూ అనుకున్నవే అంది. లిఫ్టు సంగతి ఒక్కటే దానికి తట్టలేదట.

అల్లుడు ఇంటికొచ్చాక ఇద్దరికీ కలిపి చీవాట్లు పెట్టింది.

మార్చి 11

కొద్దిగా అంటే ఎంతని నేనే అడిగాను. డాక్టరమ్మ విసుక్కోలేదు. వందలో ఒకరికి కూడా కాదు, కనిపెట్టుకునే ఉంటాం, తేడా వస్తే వెంటనే ఆపరేషన్ గదికి తీసుకెళ్తాం అంది. అమ్మాయి నార్మల్‌కి ప్రయత్నిస్తానంది. మధ్యలో వద్దనిపిస్తే వద్దంటానంది. అలా కూడా అనొచ్చని నాకు తెలీదు.

మార్చి 19, ఆస్పత్రి, సాయంత్రం

పొద్దుటి నుంచి నొప్పులు. నన్ను లోపలికి రానిచ్చారు. నడుం రాస్తుంటే, అమ్మా, ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండు అంది. మాట్లాడాను. ఈ పెద్దావిడకి ఆపే మీట ఎక్కడుందమ్మా అంది నర్సు.

నొప్పులు ఎంతసేపటికీ ముందుకు సాగలేదు. బిడ్డ బాగానే ఉంది, ఇంకాసేపు చూడొచ్చు అంది డాక్టరమ్మ. అమ్మాయి పళ్లు బిగించి, ఇక చాలు, ఆపరేషన్ చేసేయండి అంది. ఎవరూ నేర్పలేదు. తనే అంది.

మార్చి 20

ఆడపిల్ల. తల్లీబిడ్డా నిద్రపోతున్నారు. భయపడడానికి ఏమైనా ఉందా అని గదంతా చూశాను. ఏమీ కనిపించలేదు. కాసేపు కూర్చుంటే దొరుకుతుంది.