తొమ్మిది అడుగుల బీరువా

1896 నవంబరు 12, గురువారం

ఇవాళ పాఠం చెబుతుంటే ఇంకో స్లైడు పగిలింది. బైబిల్లో యోనాను మింగిన చేపకు తోక పోయింది. పిల్లలు ఏడ్చారు, నాకూ ఏడుపొచ్చింది. గోడ మీద బొమ్మలు చూపే మేజిక్ లాంతరూ, దాని అద్దపు బొమ్మలూ ఒకే ట్రంకులో కుక్కితే పగలక ఏం చేస్తాయి! మిషను దొరగారు చూసి, ఇంకొక్కటి పగిలితే లాంతరు పట్నంలో మగపిల్లల బడికి పంపేస్తామన్నారు. పోయినేడు గోడ గడియారం అక్కడికే వెళ్లింది. గ్లోబూ అంతే. మంచి వస్తువేదీ మా ఆడపిల్లల బడిలో ఉండనివ్వరు. లాంతరుకీ బొమ్మలకీ పొడుగు బీరువా ఒకటి చేయిస్తానని అక్కడికక్కడే అనేశాను. చేసేది మా ఆయన యెహెజ్కేలు. గీసేది నేను.

నవంబరు 14

డ్రాయింగు అయింది. తొమ్మిది అడుగుల పొడుగు, నడుమెత్తు. రెండు చివరలా కాళ్లు, మధ్యలో కాలు లేదు. ఆయన చూసి, ఏంటే ఇది, ఏడాది తిరక్కుండా కుంగిపోద్ది అన్నారు. మన నల్లరేగడి నేల వానలకు ఉబ్బుతుంది, ఎండలకు దిగుతుంది, మధ్య కాలు పెడితే ఓ నెల పైకి తంతుంది, ఓ నెల గాలిలో వేలాడుతుంది అన్నాను. ఇంకా గొణుగుతుంటే బడి స్కేలు తెచ్చాను. పడుకోబెట్టి నొక్కితే వంగింది. అంచు మీద నిలబెట్టి నొక్కితే నా వేలే నొప్పెట్టింది. పైపలక కింద ముందూ వెనకా జానెడు వెడల్పు టేకు పలకలు ఆ చివర నుంచి ఈ చివర దాకా అలా అంచు మీద నిలబెట్టాలి అన్నాను. ఆయన నవ్వి చుట్ట వెలిగించారు. ఒప్పుకున్నట్టే.

డిసెంబరు 5

కుంగింది! ఖాళీ బీరువా కుంగింది! వంగి చూద్దును కదా, పలకల నడుమ అతుకు. పొడుగు కర్ర దొరక్క రెండు ముక్కలు కలిపారట. పడవలకు అలాగే అతుకుతాం కదే అంటారు. పడవ పనిలో పెరిగిన మనిషి మరి. పడవను కింద నుంచి నీళ్లు మోస్తాయి. నా బీరువాను ఎవరు మోస్తారండీ అన్నాను.

డిసెంబరు 6

అన్నం పెట్టాను. కూర గిన్నె ముందుకు తోసి ఇవతలికి వచ్చేశాను.

డిసెంబరు 19

గోదావరి వరదకు దిగిన కలప తెప్పల్లో మిగిలిపోయిన పొడుగు టేకు దుంగ ఒకటి రాజమండ్రి రేవులో దొరికిందట. అక్కడే కోయించి, పలకలు పడవ మీద తెచ్చారు. ఇక అంత పొడుగు కర్ర కావాలంటే మళ్లీ వరద రావాల్సిందే. అతుకు లేదు. బడి గదిలోనే బిగిస్తున్నారు. జుట్టు నిండా రంపపు పొట్టు. ముద్దొచ్చారు.

1897 జనవరి 24, ఆదివారం

కోత పండుగ. గుడి కప్పు మరమ్మతుకు విప్పారని ఆరాధన మా బడిలోనే పెట్టారు. ఊళ్లోవాళ్లు తొలి పంట తెచ్చి ఎక్కడ పెడతారు? నా బీరువా మీదే! గుమ్మడికాయలు, అరటిగెలలు. వద్దు బాబూ అంటున్నా వినకుండా సత్తియ్య ధాన్యం బస్తా ఎక్కించాడు. దేవుడికిచ్చేదానికి బరువేంటమ్మా అని అప్పాయమ్మగారు తన బస్తా దాని మీద పెట్టించారు. ప్రార్థన సేపు నేను కళ్లు మూసుకోలేదు. లోపల బొమ్మలన్నీ ఉన్నాయి. దేవుడు క్షమించాలి.

అందరూ వెళ్లాక పలక వెంట దారం లాగి పట్టాను. వెంట్రుకవాసి కూడా వంగలేదు. తలుపులు చిటికెనవేలితో తెరుచుకున్నాయి. ఒక్క స్లైడూ పగల్లేదు. మా ఆయన మీసం దువ్వుకున్నారు. దువ్వుకోనీ, గీత నాది!

జనవరి 27

దొరగారు బీరువా చుట్టూ తిరిగి తిరిగి చూశారు. ఇంత మంచి పని పట్నంలో ఉండాలన్నారు. లాంతరూ బొమ్మలూ ఇకమీదట ఈ బీరువాలో తప్ప ఎక్కడా పెట్టకూడదని ఆర్డరు కూడా వేశారు. ఎల్లుండి పడవ వస్తుందట. పగిలితే పంపేస్తామన్నారు, పగలకపోయినా పంపేస్తున్నారు. ఒళ్లు మండిపోయింది. అలాగేనండి అన్నాను.

జనవరి 29

పడవ వచ్చింది. మనుషులు ఎత్తారు. గుమ్మం అవతల వరండా ఇరుకు, బీరువా తిరగలేదు. నిలబెడితే కప్పుకు తగిలింది. జిగురు పెట్టి బిగించింది, విప్పడానికీ రాదు. రెండుగా కొయ్యమన్నారు దొరగారు. కోస్తే కుంగిపోద్దండి అని మా ఆయన రంపం కింద పెట్టేశారు. పడవ ఖాళీగా వెళ్లింది. ఆర్డరు ప్రకారం లాంతరూ ఇక్కడే.

గీసే ముందు గుమ్మం కొలుచుకోవద్దా అని దొరగారు నన్ను కసిరారు. తల వంచుకుని నిలబడ్డాను.

కొలిచే గీశాను.