మూలన నిలబడే అమ్మాయికి

బుధవారం, మధ్యాహ్నం

ప్రభుత్వ టీవీ సాయంత్రం వార్తల్లో మూలన నిలబడి, చెవులు వినపడనివాళ్ళ కోసం చేతులతో చెప్పే అమ్మాయికి, ఒక పెద్దావిడ దీవించి రాయునది.

మేమిద్దరం ఉన్నంతలో బాగానే ఉన్నాం. నువ్వూ బాగున్నావని గట్టిగా అనుకుంటేగాని నాకు కలం కదలడం లేదు. పేరు తెలియదు కాబట్టి కవరు మీద కూడా ఇలాగే రాస్తాను. పోస్టుమ్యాను నవ్వితే నవ్వనీ. నువ్వు అని పిలుస్తున్నందుకు ఏమీ అనుకోకు తల్లీ, రోజూ చూసిన పిల్లవి కదా, మీరు అనడానికి నోరు రాలేదు.

అసలు సంగతి చెబుతాను. మా ఆయన పనిచేసినంత కాలం మరమగ్గాల హోరులోనే ఉన్నారు. ఆ హోరే చెవులు తినేసింది. చెవిలో పెట్టుకునే మిషను తెస్తే, బుర్రలో మళ్ళీ మగ్గాలు తిరుగుతున్నాయని తీసి పడేశారు. నేను గట్టిగా అరిస్తే తిడుతున్నానని అలిగేవారు. అట్లాంటి మనిషికి నువ్వు దొరికావు. నిన్ను చూసి ఆ చేతుల భాష ఆయన నేర్చుకున్నారు, ఆయన్ని చూసి నేను నేర్చుకున్నాను. వచ్చినవన్నీ వార్తల్లో మాటలే. కూర తక్కువ వడ్డిస్తే, ధరలు పెరిగాయా అని చేత్తో అడుగుతారు. కొడుకూ కోడలూ వాదులాడుకుంటుంటే నాకేసి చూసి, ఎన్నికలు వచ్చాయి అంటారు. నాకు నవ్వు ఆగదు. కోడలు ఆ నవ్వు తన మీదే అనుకుంటుంది. నిజానికి తన మీదే అనుకో.

ఇప్పుడేమో మేడ మీద యాంటెన్నాకి బొమ్మ రాకుండా ఆపేశారు. సెట్‌టాప్ డబ్బా పెట్టించుకోకపోతే టీవీ పనికిరాదన్నారు, పెట్టించాం. పాత టీవీకే పెట్టారు. ఎన్ని చానళ్ళో! ఎక్కడ చూసినా నలుగురు కూర్చుని ఒకేసారి అరుస్తారు, చేతులతో చెప్పేవాళ్ళు ఒక్కరూ లేరు. మీ చానల్ ఎక్కడో చివర్న పడేశారు. వెతికి వెతికి పట్టుకుంటే వార్తలు వస్తున్నాయి గానీ, నువ్వు లేవు.

ఆ రోజు నుంచి నాకు అన్నం సయించడం లేదు. నీకు జ్వరమేమో అనుకున్నాను. తర్వాత, చేతికేమైనా దెబ్బ తగిలిందేమో, నీ పనికి చేతులే కదా ఆధారం అనుకున్నాను. అబ్బాయిని అడిగితే, పాతవన్నీ తీసేస్తున్నారమ్మా, అవన్నీ ఎవరు చూస్తారు అన్నాడు. మేం చూస్తాం కదరా అంటే, మీరిద్దరూ చూస్తే సరిపోతుందా అని ఫోను అందుకున్నాడు. నిన్ను ఉద్యోగంలోంచి తీసేశారా తల్లీ? ఇంట్లో చిన్నపిల్లలున్నారా? నా దిగులు ఎట్లాంటిదో చూడు, నీకు పెళ్ళయిందో లేదో తెలియకుండానే నీ పిల్లల ఫీజుల గురించి ఆలోచిస్తున్నాను.

ఆయన మాత్రం కుర్చీ కిటికీ వైపు తిప్పేసుకున్నారు. నేను చేత్తో ఏదైనా చెప్పబోతే మొహం తిప్పుకుంటారు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటారు, అవి తనవి కానట్టు. వార్తలు పోతే పోయాయి, మా ఇద్దరి మధ్య మాటే పోయింది. అందుకని రాస్తున్నాను. నిన్ను వేరే చానల్‌కి మార్చి ఉంటే దాని నంబరు ఒక్కటి రాయి. ఎంత చివర ఉన్నా పట్టుకుంటాను. ఒంట్లో బాగోకపోతే తొందరపడకు, పూర్తిగా తగ్గాకే రా.

ఇట్లు,
నువ్వెప్పుడూ చూడని ముసలమ్మ.

తా.క.: కవరు అంటించబోతుంటే డబ్బా బిగించినతను వచ్చాడు, రిమోటు పనిచేయడం లేదని పిలిచాంలే. పనిలో పనిగా నీ గురించి అడిగాను. ఆ అమ్మాయి ఎక్కడికీ పోలేదు పెద్దమ్మా అని నవ్వి, ఏదో నొక్కాడు. బొమ్మ చిన్నదై, పైనా కిందా నల్ల పట్టీలు వచ్చాయి. కుడి పక్కన నువ్వు! చేతులు రెండూ బాగానే ఉన్నాయి. కొత్త బొమ్మ వెడల్పు ఎక్కువట, పాత టీవీలో పట్టదట. నల్ల పట్టీలుంటే బొమ్మ చిన్నదైందని జనం పోట్లాడతారని, రెండు పక్కలా అంచులు కత్తిరించి పెడతాడట. వీధి వీధంతా అలాగే పెట్టాడట. ఆ మూల అమ్మాయేదని ఇప్పటిదాకా అడిగింది నువ్వొక్కదానివే పెద్దమ్మా అన్నాడు.

మా ఆయన కుర్చీ తెరకి ఆనించేశారు. కళ్ళు పోతాయేమోనని ఇప్పుడు అదొక బెంగ.

నువ్వు క్షేమమే కాబట్టి ఈ ఉత్తరం చింపేద్దామనుకున్నాను. కానీ ఇంత వీధిలో నువ్వు లేవని ఎవరూ గమనించలేదన్న మాట లోపల గుచ్చుకుంటూనే ఉంది. రేపు మీ పైవాళ్ళు కూడా, ఎవరు చూస్తారు అంటే? అప్పుడు ఇది వాళ్ళ ముందు పెట్టు తల్లీ. దస్తూరీ బాగోలేదంటారేమో, ఫర్వాలేదు. ఇద్దరున్నారని చెప్పు.